ఘట్‌కేసర్ అవతల ఇల్లు: కొనే ముందు ఏడాది అద్దెకు ఉండి చూడండి

ప్రశ్న: ఉప్పల్‌లో 19,000 అద్దె కడుతూ ఉంటున్నాం. మావారు పోచారంలో ఐటీ ఉద్యోగి, చేతికి 1,10,000 వస్తుంది. నేను తార్నాకలో ప్రైవేటు స్కూల్ టీచర్‌ని, జీతం 38,000. బాబు నాలుగో తరగతి. మామయ్యగారు మాతోనే ఉంటారు, రెండేళ్ల క్రితం ఆయనకు స్టెంట్ వేశారు. ఎఫ్‌డీల్లో 14 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 8 లక్షలు, పీఎఫ్‌లో 9 లక్షలు ఉన్నాయి. నెలకు 45,000 దాకా మిగులుతుంది. ఘట్‌కేసర్ దాటాక హైవే నుంచి నాలుగు కిలోమీటర్లు లోపలికి, ఒక వెంచర్‌లో 167 గజాల్లో కట్టిన ఇల్లు 92 లక్షలు చెబుతున్నారు. పక్కిల్లు 17,000కు అద్దెకిచ్చారు. 60 లక్షలకు రిజిస్ట్రేషన్ చేయించుకుని మిగతాది క్యాష్‌గా ఇస్తే 2 లక్షలు తగ్గిస్తారట. డబ్బు సరిపోకపోతే బీబీనగర్ అవతల శ్రీగంధం మొక్కలున్న 5 గుంటల ఫామ్ ప్లాట్ 18 లక్షలకే ఇప్పిస్తానని ఏజెంట్ అంటున్నాడు. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమని మావారి టెన్షన్. అక్కడికెళ్లాక నా ఉద్యోగం సంగతి చూసుకుందాంలే అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ఊరి గాలి, సొంత గేటు, బాబు ఆడుకోవడానికి వాకిలి కావాలనుకోవడంలో తప్పేమీ లేదమ్మా. మీవారి ఆఫీసు కూడా అటువైపే ఉంది కాబట్టి ఆ ప్రాంతాన్ని ఎంచుకోవడం సబబే. కానీ ఈ ఇంటిని ఈ ధరకు, ఇప్పుడు కొనొద్దనే చెబుతాను. అక్కడే ఒక ఇల్లు అద్దెకు తీసుకుని ఏడాది ఉండండి.

ముందు చేతి నుంచి పెట్టాల్సిన డబ్బు చూద్దాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు గృహరుణానికి బ్యాంకులు ఇంటి విలువలో 80 శాతం దాకా ఇవ్వొచ్చు. 70 లక్షలు అప్పు వచ్చిందనుకుందాం. మిగతా 22 లక్షలు మీరే పెట్టాలి. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 6.9 లక్షలు. వార్డ్‌రోబ్‌లు, కిచెన్, గ్రిల్స్, ఇన్వర్టర్ అంటూ తక్కువలో తక్కువ 4 లక్షలు అవుతాయి. మొత్తం 33 లక్షలు తేలింది. మీ ఎఫ్‌డీలు, ఫండ్లు కలిపితే 22 లక్షలే. పీఎఫ్ మొత్తం తీసినా ఇంకా 2 లక్షలు అప్పు చేయాలి. గృహప్రవేశం నాటికి మీ దగ్గర ఒక్క రూపాయి నిల్వ ఉండదు. ఇంట్లో గుండె జబ్బున్న పెద్దాయనను పెట్టుకుని ఆ పరిస్థితిలోకి వెళ్లమని నేను చెప్పలేను.

ఇక నెలవారీ లెక్క. 70 లక్షలకు 8.5 శాతం వడ్డీ, 20 ఏళ్ల గడువు అనుకుంటే ఈఎంఐ దాదాపు 60,750. ఇద్దరి జీతాల మీద చూస్తే 41 శాతం, కష్టపడితే కట్టగలరు. కానీ మీ జీతం ఆగిపోతే అదే ఈఎంఐ మీవారి జీతంలో 55 శాతం అవుతుంది. 'ఉద్యోగం సంగతి చూసుకుందాంలే' అన్న మాటలో దాగున్న అసలు ఖర్చు ఇదే. ఏడాదికి నాలుగున్నర లక్షలు తెచ్చే ఉద్యోగాన్ని లెక్కలోంచి అంత తేలిగ్గా తీసేయకండి. నగర శివార్లలో ఇల్లు కొన్న కుటుంబాల్లో దూరం భరించలేక ముందుగా ఉద్యోగం మానేసేది చాలాసార్లు భార్యే. ఆ నిర్ణయం ఇల్లు కొన్నాక కాదు, కొనే ముందే, మీ ఇష్టంతోనే జరగాలి.

అందుకే అద్దెకు ఉండమంటున్నాను. పొద్దున బాబుని స్కూల్ బస్సు ఎక్కించి, నాలుగు కిలోమీటర్లు స్కూటీ మీద హైవేకి వచ్చి, అక్కడి నుంచి తార్నాక చేరడానికి వానాకాలంలో ఎంతసేపు పడుతుందో ఏ బ్రోచర్‌లోనూ ఉండదు. ఘట్‌కేసర్ నుంచి మౌలాలి మీదుగా లింగంపల్లికి ఎంఎంటీఎస్ 2024 మార్చిలో మొదలైంది. అది మీ స్కూల్ వేళకు పనికొస్తుందో లేదో టైమ్‌టేబుల్ చూడండి. ఉప్పల్–నారపల్లి ఫ్లైఓవర్ పనులు 2018లో మొదలై గడువు దాటి ఏళ్ల తరబడి సాగడం మీరు రోజూ చూసిందే. 'రింగు రోడ్డు వస్తోంది, మెట్రో వస్తోంది' అని ఎవరైనా అంటే, వచ్చాక ఆ ధర ఇద్దాం అనుకోండి. ఈరోజు ఉన్న రోడ్డుకే ఈరోజు డబ్బు ఇవ్వాలి.

రెండో స్కూటీ, పెట్రోలు, స్కూల్ బస్సు, ఎండాకాలంలో ట్యాంకర్లు, తాగేనీళ్ల క్యాన్లు, వెంచర్ మెయింటెనెన్స్ అన్నీ కలిపి నెలకు 10,000 దాకా అదనంగా పెట్టుకోండి. అద్దెకు ఉన్నప్పుడూ ఈ ఖర్చు తప్పదు, కాకపోతే అద్దె 19,000 నుంచి 17,000కు తగ్గుతుంది కాబట్టి తట్టుకోగలరు. 92 లక్షల ఇంటికి 17,000 అద్దె అంటే ఏడాదికి 2.2 శాతం రాబడి. అదే ఇంటికి తీసుకునే అప్పు మీద మొదటి నెల వడ్డీయే 49,500కు పైగా ఉంటుంది. అదే వీధిలో, అలాంటి ఇంట్లోనే ఉండడానికి దాదాపు మూడు రెట్లు కట్టినట్టు. పన్ను మినహాయింపు వస్తుంది కదా అంటారేమో, సొంతంగా ఉండే ఇంటి వడ్డీకి 2 లక్షల మినహాయింపు పాత విధానంలోనే ఉంది, కొత్త విధానంలో లేదు.

క్యాష్ ప్రతిపాదన సంగతి. 2 లక్షలు తగ్గుతాయని ఆశపడకండి. డాక్యుమెంటులో 60 లక్షలు రాస్తే బ్యాంకు దాని మీద 80 శాతం, అంటే 48 లక్షలే ఇస్తుంది. మిగతా 42 లక్షలు, పైన రిజిస్ట్రేషన్ 4.5 లక్షలు మీరు తేవాలి. ఎక్కడి నుంచి? సరే, ఎలాగో తెచ్చారనుకోండి. రేపు మీరు అమ్మినప్పుడు క్యాష్‌గా ఇచ్చిన 30 లక్షలు కొనుగోలు ధరలోకి రావు, అదంతా లాభంగానే చూస్తారు. దీర్ఘకాలిక లాభంపై 12.5 శాతం చొప్పున ఆ ఒక్క ముక్క మీదే 3.75 లక్షల పన్ను. ఇక స్థిరాస్తి అమ్మకంలో 20,000, ఆపైన క్యాష్ తీసుకోవడం చట్టవిరుద్ధం, తీసుకున్నవారికి అంతే మొత్తం పెనాల్టీ పడుతుంది. రేపు ఏ గొడవైనా వస్తే కాగితం మీద ఉన్న 60 లక్షల గురించే మీరు గట్టిగా అడగగలరు. పూర్తి ధరకు బ్యాంకు ద్వారానే చెల్లించండి. 50 లక్షలు, ఆపైన ఆస్తి కాబట్టి 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) మినహాయించి మీరే ప్రభుత్వానికి కట్టాలి, ఆ మేరకు అమ్మేవారికి తగ్గించి ఇవ్వండి.

ఫామ్ ప్లాట్ వద్దు. 5 గుంటలంటే 605 గజాలు. విస్తీర్ణం చూస్తే చవగ్గా అనిపిస్తుంది, కానీ లేఅవుట్ అనుమతి లేకుండా ముక్కలు చేసిన వ్యవసాయ భూమి అది. ఇల్లు కట్టుకోవడానికి పర్మిషన్ రాదు, గృహరుణం దొరకదు. మొక్కల మీద రాబడి మాట ఏజెంట్ నోటి మాటే.

ఏడాది అక్కడ ఉండగా చేయాల్సిన పని చాలా ఉంది. రాత్రి ఎనిమిదింటికి వెంచర్ అంతా ఒకసారి నడిచి, లైట్లు వెలిగే ఇళ్లు లెక్కపెట్టండి. అరవై ఇళ్లలో ఇరవై ఇళ్లకే లైట్లుంటే ధరలు పరుగెత్తుతాయన్న మాట నమ్మక్కర్లేదు, కొని తాళం వేసుకున్నవాళ్లు రేపు మీతో పోటీగా అమ్ముతారు. పెద్ద వాన పడిన మర్నాడు కాంపౌండ్ గోడల మీద నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూడండి. బోరు ఎన్ని అడుగులో, మేలో నీళ్లు ఎన్నాళ్లు వచ్చాయో ఇంటి ఓనర్ని కాదు, వీధిలోకి వచ్చే ట్యాంకర్ డ్రైవర్ని అడగండి. ఇల్లు ప్రతాపసింగారం వైపు, మూసీకి దగ్గరగా ఉంటే బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించండి. బీబీనగర్ ఎయిమ్స్ అటే ఉంది. అయినా అర్ధరాత్రి మామయ్యగారికి ఛాతీ నొప్పి వస్తే ఏ ఆసుపత్రికి, ఎన్ని నిమిషాల్లో చేరగలరో మీవారు ఒకసారి బండి నడిపి చూడాలి.

కాగితాల్లో నేను అన్నింటికన్నా ముందు అడిగేది హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) ఇచ్చిన లేఅవుట్ ప్లాన్. ఎల్‌పీ నంబర్, అంటే లేఅవుట్ అనుమతి నంబర్ ఉంది కదా అని ఆగిపోకండి. రోడ్లు, డ్రైనేజీ పూర్తయ్యేదాకా వెంచర్‌లో కొంత భాగం ప్లాట్లను హెచ్‌ఎండీఏ దగ్గర తనఖా పెట్టించుకుంటారు. పనులు పూర్తయితేనే తుది లేఅవుట్ వస్తుంది, ఆ ప్లాట్లు విడుదలవుతాయి. ప్లాన్ మీద మీ ప్లాట్ నంబర్ వేలు పెట్టి వెతకండి, అది తనఖా ప్లాట్లలో ఉందేమో చూడండి. తర్వాత ఇంటి పర్మిషన్: ప్లాన్‌లో జీ ప్లస్ వన్ (కింది అంతస్తు, పైన ఒక అంతస్తు) ఉండి పైన పెంట్‌హౌస్ వేసి ఉంటే, ఆ అదనపు కట్టడానికి బ్యాంకు విలువ కట్టదు. 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), లింకు డాక్యుమెంట్లు (పాత అమ్మకాల దస్తావేజులు), నిషేధిత భూముల జాబితాలో సర్వే నంబర్, దగ్గర్లో చెరువు ఉంటే ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే మేర), దాని చుట్టూ కట్టడాలు కూడని బఫర్ హద్దులు అన్నీ మీరు పెట్టుకున్న లాయర్ చూడాలి. బిల్డర్ చూపించే లాయర్ వద్దు.

ఇల్లు కొనలేమని బెంగ వద్దు. ఈఎంఐ మీవారి ఒక్క జీతం మీదే నడవాలి, దానికి 44,000 హద్దు పెట్టుకోండి. అంటే 50 లక్షల అప్పు, 70 లక్షల లోపు ఇల్లు. దానికి సొంత డబ్బు 20 లక్షలు, రిజిస్ట్రేషన్ 5.25 లక్షలు, ఇంటీరియర్ 4 లక్షలు, ముట్టుకోకూడని అత్యవసర నిధి 6 లక్షలు కలిపి 35 లక్షలు కావాలి. నెలకు 45,000 పొదుపు ఆగకపోతే, పీఎఫ్ తీయకుండానే రెండేళ్లలో 33 లక్షలు చేరుతుంది, వడ్డీ కలిస్తే లెక్క సరిపోతుంది. దూరం ఖర్చుల వల్ల పొదుపు తగ్గితే మరో ఆరు నెలలు పడుతుంది. ఈలోగా ధర కొంత పెరగొచ్చు, కాదనను. అప్పుడు 167 గజాలకు బదులు 130 గజాలు తీసుకోండి. సరిపడని ఇంట్లో ఇరుక్కుని, అమ్ముదామంటే కొనేవాళ్లు దొరక్క తిప్పలు పడడం కంటే అది నయం.

కొనే రోజున మీవారి పేరిట కనీసం అప్పుకు సరిపడా టర్మ్ పాలసీ (జీవిత బీమా) ఉండాలి. రిజిస్ట్రేషన్ ఇద్దరి పేర్ల మీదా చేయించుకోండి. అప్పటిదాకా ఆ ఏజెంట్ ఎంత తొందరపెట్టినా టోకెన్ అడ్వాన్స్ పేరుతో ఒక్క రూపాయి ఇవ్వకండి. లేఅవుట్ ప్లాన్, ఇంటి పర్మిషన్ జిరాక్సులు ఇవ్వమని మాత్రం ఈరోజే అడగండి. ఇవ్వడానికి నసిగితే ఆ ఇంటి మాట అక్కడితో వదిలేయండి.