తిరుపతిలో ఉంటూనే గిటార్ మరమ్మతు, తయారీ నేర్చుకోవచ్చా?

మీరు మూడు సంగతులు అడిగారు. బెంగళూరు వెళ్లకుండా తిరుపతిలోనే గిటార్ల పని నేర్చుకోవచ్చా, మన శేషాచలం ఎర్రచందనంతో గిటార్ చేయవచ్చా, బ్రిడ్జి (తీగల కొసలను పైపలకకు పట్టి ఉంచే చెక్క ముక్క) లేచిపోయిన మీ పాత గిటార్‌ను ఏం చేయాలి? కొర్లగుంటలో చాలా ఏళ్లుగా ఈ పనే చేస్తున్నాను కాబట్టి నా అనుభవంలోంచి చెబుతాను.

నేర్చుకోవచ్చు. అయితే తయారీతో కాదు, మరమ్మతుతో మొదలుపెట్టండి. ఇనుప తీగల గిటార్‌కు మామూలు సన్న తీగలు బిగించినా ఆరింటి లాగుడు కలిపి 70 కిలోలు దాటుతుంది. దాన్ని రాత్రింబవళ్లు మోసేది మూడు మిల్లీమీటర్ల మందం కూడా లేని పైపలక. అది ఎక్కడ ఉబ్బుతుందో, దానికి లోపల ఆసరాగా అతికించిన బద్దె ఎక్కడ జిగురు వదులుతుందో, మెడ ఎటు వంగుతుందో పాత గిటార్లు చూపిస్తాయి. కొత్తగా చేసిన గిటార్ ఆ సంగతి చెప్పాలంటే కొన్నేళ్లు పడుతుంది. పైపలకే ప్రాణం అన్నది పాతకాలం నుంచీ పనివాళ్లకు తెలిసిన విషయమే. స్పెయిన్‌కు చెందిన ఆంటోనియో దె టోరెస్ 1862లో వెనుక భాగాన్ని, పక్కలను కాగితపు గుజ్జుతో చేసి, పైపలకను మాత్రం మంచి చెక్కతో పెట్టి ఒక గిటార్ తయారుచేశాడు. ధ్వనికి మూలం ఎక్కడుందో చూపించడానికే అంత శ్రమపడ్డాడు. అందుకే నా దగ్గరకు వచ్చే పిల్లలతో ముందుగా ఒక చిన్న అద్దం, టార్చి తీసుకుని గిటార్ కడుపులోకి చూడమంటాను. బయటి మెరుపు తర్వాత చూడవచ్చు.

మన ఊరి వాతావరణాన్ని అర్థం చేసుకుంటే సగం పని వచ్చినట్టే. మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి గాలి పొడిబారుతుంది. నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య రుతుపవనాల వానలకు గోడలే చెమ్మగిల్లుతాయి. చెక్క నారు పొడవునా పెద్దగా మారదు, అడ్డంగా మాత్రం తేమకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. దాంతో వేసవిలో పైపలక కుంగి తీగలు కిందికి దిగుతాయి, మెడ మీది ఫ్రెట్ పలక ముడుచుకుని, దానిలో అడ్డంగా దించిన ఫ్రెట్ల (లోహపు మెట్ల) కొసలు పక్కలకు పొడుచుకొస్తాయి. హాస్టల్ విద్యార్థులు ‘చేతికి గీసుకుంటోంది’ అంటూ తెచ్చేది అప్పుడే. వానల్లో అదే గిటార్ పైపలక ఉబ్బి తీగలు లేస్తాయి, వేళ్లు నొప్పి పుడతాయి. నవంబరులో తీగలు ఎత్తుగా ఉన్నాయని శాడిల్‌ను (బ్రిడ్జి మీద తీగలు ఆనే సన్న పట్టీని) అరగదీస్తే వచ్చే మే నెలలో ప్రతి స్వరమూ గరగరమంటుంది. ఈ పని చేసి డబ్బు తీసుకునే దుకాణాలు ఉన్నాయి, అది నాకు బాధ కలిగిస్తుంది. ముందు వాద్యాన్ని కొన్నాళ్లు 45 నుంచి 55 శాతం తేమలో ఉంచాలి. వేసవిలో చిల్లులు పెట్టిన సబ్బుపెట్టెలో తడి స్పాంజి ఉంచి గిటార్ పెట్టెలో పడేస్తే చాలు. వానల్లో సిలికా జెల్ పొట్లాలు. తేమ కొలిచే చిన్న మీటరు తప్పక కొనండి, ఉలి కంటే ముందు అదే అవసరం.

ఆ తర్వాతే సర్దుబాటు. దానికొక క్రమం ఉంది, దాన్ని తప్పకూడదు. మొదట మెడ: ఒక తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ శరీరంతో కలిసే ఫ్రెట్ దగ్గర అదిమిపట్టి, ఆరు, ఏడు ఫ్రెట్ల మీద తీగకూ ఫ్రెట్‌కూ మధ్య సందు చూడాలి. 0.2 నుంచి 0.3 మిల్లీమీటర్లు ఉంటే బాగున్నట్టు. మెడ లోపల ఉండే ఉక్కు కడ్డీని, అంటే ట్రస్ రాడ్‌ను, తిప్పేది ఈ వంపు కోసమే, తీగల ఎత్తు తగ్గించడం దాని పని కాదు. తర్వాత నట్ (మెడ పైకొసన తీగలు ఆనే గాళ్ల పట్టీ), చివరగా శాడిల్. పన్నెండో ఫ్రెట్ దగ్గర అర మిల్లీమీటరు దించాలంటే శాడిల్‌ను దాదాపు ఒక మిల్లీమీటరు తగ్గించాలి, ఎందుకంటే పన్నెండో ఫ్రెట్ తీగకు సరిగ్గా నడుమ ఉంటుంది.

చేయి తిరగడానికి గిటార్లు ఎక్కడ దొరుకుతాయంటారా? చర్చిల్లో అడగండి. మన జిల్లాలో గిటార్లు ఎక్కువగా మోగేది అక్కడే. ఆదివారం ఆరాధనకు వాయించి, పాడైతే మూలన పెట్టినవి ఉంటాయి. వాటిలో చాలావరకు కోల్‌కతాలో తయారైన ప్లైవుడ్ గిటార్లు. వాటిని తక్కువగా చూడకండి. ప్లైవుడ్ తేమకు అంతగా చలించదు, ఫ్రెట్లు సమం చేయడం, ఎముకతో నట్ చెక్కడం, బ్రిడ్జి అతికించడం అన్నీ వాటి మీదే సాధన చేయవచ్చు. బాగుచేసి తిరిగి ఇచ్చినప్పుడు ఆ సంఘంవారు మిమ్మల్ని గుర్తుపెట్టుకుంటారు, తర్వాత పని దానంతటదే వస్తుంది.

గురువుల విషయం. గిటార్ పేరుతో వెతికితే ఇక్కడ దొరకకపోవచ్చు, చెక్క పేరుతో వెతకండి. ఏర్పేడు దగ్గరి మాధవమాలలో తరతరాలుగా దేవతా విగ్రహాలు చెక్కేవారున్నారు. ఉలి పదును పెట్టడం, నారు ఎటు పోతుందో చూసి చెక్కడం వాళ్ల దగ్గర కూర్చుని చూస్తే పుస్తకాల్లో లేని చదువు వస్తుంది. వీణలు బాగుచేసేవాళ్లను కూడా కలవండి, శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాలలో వీణ నేర్పే అధ్యాపకులను అడిగితే దారి చెబుతారు. వీణ మీద 24 మెట్లు మైనంలో నిలబడతాయి. చెవితో విని, స్థానం సరిగా లేకపోతే మైనం వేడిచేసి జరపవచ్చు. గిటార్‌లో ఆ వెసులుబాటు లేదు. తీగ పొడవు 648 మిల్లీమీటర్లయితే దాన్ని 17.817తో భాగించగా వచ్చే 36.4 మిల్లీమీటర్ల దగ్గర మొదటి ఫ్రెట్, మిగిలిన పొడవును మళ్లీ అలాగే భాగించి రెండోది, ఇలా ముందుకు పోవాలి. రంపం ఒకసారి దిగితే గాడి జరగదు. అయినా వీణ మెట్లు కూర్చే మనిషి చెవి ఎలా పనిచేస్తుందో దగ్గర నుంచి చూస్తే, గిటార్ శ్రుతి ఎక్కడ తప్పుతోందో పట్టుకోవడం తేలికవుతుంది.

కర్ణాటక సంగీతం నేర్చుకునే పిల్లలు గమకాల కోసం ఫ్రెట్ల మధ్య చెక్కను లోతుగా తవ్వించమని అడుగుతారు. భారతీయ సంగీతాన్ని, జాజ్‌ను కలిపిన శక్తి బృందంలో గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ అటువంటి గిటారే వాయించాడు. పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద గమకాలను పలికించడం విన్నవారికి ఆ కోరిక ఎందుకు కలుగుతుందో అర్థమవుతుంది. ఈ పని ఎలక్ట్రిక్ గిటార్ మీద చేస్తే ఫలితం తేలికగా అందుతుంది. అక్కడ తీగలు సన్నగా ఉండి లోపలికి అదమడానికి, లాగడానికి లొంగుతాయి.

ఇక ఎర్రచందనం. వద్దు. దాన్ని నరకడం, అనుమతి లేకుండా దగ్గర ఉంచుకోవడం, తరలించడం నేరం. ఎవరైనా ‘ఒక చిన్న దుంగ ఉంది’ అని చూపిస్తే ముట్టుకోకండి. జపాన్‌లో షామిసెన్ అనే మూడు తీగల వాద్యం మెడకు ఈ చెక్కను ఎంతో గౌరవంగా వాడతారు, అది నిజమే. కానీ నీళ్లలో మునిగేంత బరువైన చెక్క గిటార్ పైపలకకు పనికిరాదు. ప్రపంచమంతా గిటార్ వెనుక భాగానికి, ఫ్రెట్ పలకకు కోరుకునే ఇండియన్ రోజ్‌వుడ్ మన ఇరుగుడు చెట్టే. 1992లో బ్రెజిల్ రోజ్‌వుడ్ వ్యాపారం మీద అంతర్జాతీయ నిషేధం వచ్చాక దీనికి ఇంకా గిరాకీ పెరిగింది. అది కూడా రసీదు, అనుమతి కాగితాలతో కలప డిపోలోనే కొనండి. నేర్చుకునే దశలో మాత్రం నా సలహా, పాత ఇళ్లు పడగొట్టేచోట దొరికే టేకు ద్వారబంధాలు, పనస పలకలు. దశాబ్దాలుగా ఆరిన చెక్క కాబట్టి తేలికగా వంకర పోదు. బొబ్బిలి వీణ పనసతోనే పుట్టింది, గిటార్ పక్కలకు, వెనక్కు పనస ఎందుకు పనికిరాదు? పైపలకకు మాత్రం బయటి నుంచి తెప్పించే స్ప్రూస్ అనే తేలికపాటి చెక్క కొనక తప్పదు.

మీ గిటార్ బ్రిడ్జి విషయం. ముందు తీగలన్నీ వదులు చేయండి, ఈరోజే. సందులో ఫెవిక్విక్ పోయకండి, తర్వాత దాన్ని గీకి తీసేటప్పుడు పైపలక నారు లేచిపోతుంది. కిటికీ పక్కన ఎండలోనో, మూసిన కారులోనో ఉంచితే తెల్ల జిగురు మెత్తబడి బ్రిడ్జి లేవడం ఇక్కడ మామూలే. సరైన పద్ధతి ఏమిటంటే బ్రిడ్జిని వేడిచేసి పూర్తిగా ఊడదీసి, రెండు వైపులా పాత జిగురూ వార్నిషూ పోయి పచ్చి చెక్క కనిపించేదాకా గీకి, కొత్త జిగురు రాసి క్లాంపులతో ఒక రోజంతా బిగించి ఉంచడం. ఒక పలుచని కాగితం ముక్కను బ్రిడ్జి వెనుక అంచు కింద దోపి, అది ఎంత లోపలికి పోతోందో స్కేలుతో కొలిచి రాయండి. లోపల బద్దెలు కూడా ఊడాయేమో అద్దంతో చూసి చెప్పండి. రెండూ తెలిస్తే మీరే ఇంట్లో చేసుకోగలరా, ఎవరైనా పక్కన ఉండి చేయించాలా అన్నది చెప్పగలను.