సంచీ తెరిచే పిల్ల: ఒక యువ రచయితకు లేఖ

ప్రియమిత్రులకు,

నమస్కారం. మీ కథను రెండుసార్లు చదివాను, మొదటిసారి కేవలం పాఠకుడిగా, రెండోసారి పెన్సిలు చేతపట్టుకుని. ఉద్యోగం పోయిన సంగతి ఇంట్లో చెప్పలేక రోజూ అదే వేళకు బయలుదేరి వెళ్లే తండ్రిని పదకొండేళ్ల కూతురు ఒక మధ్యాహ్నం గ్రంథాలయం మెట్ల మీద చూడడం, చూసి పలకరించకుండా వెనుదిరగడం మీరు ఎంతో నిగ్రహంతో రాశారు. అక్కడి వరకు నేను కథలోనే ఉన్నాను. ఆ రాత్రి అద్దం పగిలింది, మర్నాడు పావురం చనిపోయింది, చివర వాన నీటిలో కాగితపు పడవ మునిగింది. ఈ మూడుచోట్లా నేను ఆ పిల్లను విడిచి, రచయిత ఏం సూచిస్తున్నారో ఆలోచించవలసి వచ్చింది. పిల్లలు అమాయకత్వం పోగొట్టుకుని పెద్దవాళ్లయ్యే ఎదుగుదల కథల్లో ప్రతీకను ఎలా వాడాలని మీరు అడిగారు కనుక, జవాబు మీ కథను ముందు పెట్టుకునే చెబుతాను.

ముందుగా, పోతున్నది ఏమిటో తేల్చుకోవాలి. అమాయకత్వమంటే లోకంలోని చెడు తెలియకపోవడమని చాలామంది అనుకుంటారు. అందుకే ఒక చావునో, హింసనో, మోసాన్నో పిల్లల కంటపడేలా చేస్తే కథ పూర్తయినట్టు భావిస్తారు. నేను అలా అనుకోను. పిల్లలకు అబద్ధం తెలుసు, భయం తెలుసు, సాటి పిల్లలను ఏడిపించే క్రూరత్వం కూడా బాగానే తెలుసు. వారికి ఇంకా అలవాటు కానిది, తమకు తెలిసినదాన్ని మరొకరి కోసం తమలోనే అణచుకోవడం. ఒక సంగతి తెలిసీ తెలియనట్టు మసలుకోవడం ఏ రోజున మొదలవుతుందో, నా దృష్టిలో ఎదుగుదల కథకు ఆ రోజే ఆయువుపట్టు. చూడడం కంటే దాచడం పెద్ద సంఘటన.

అమెరికన్ రచయిత్రి హార్పర్ లీ 1960లో ప్రచురించిన ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ నవలలో ఒక చెట్టు తొర్ర ఉంది. ఎవరో అందులో పిల్లల కోసం చిన్న చిన్న వస్తువులు పెడుతుంటారు, అన్నాచెల్లెళ్లు జెమ్, స్కౌట్ వాటిని తీసుకుంటుంటారు. ఒకరోజు ఆ చెట్టు యజమాని తొర్రను సిమెంటుతో పూడ్చేస్తాడు. ఎందుకని అడిగితే చెట్టు చచ్చిపోతోందంటాడు. జెమ్ తండ్రిని అడుగుతాడు, చెట్టు ఆరోగ్యంగానే ఉందని ఆయన అంటాడు. ఆ తరువాత జెమ్ చీకటి పడేదాకా వసారాలో ఒంటరిగా నిలబడతాడు. అతను ఇంట్లోకి వచ్చాక, ఏడ్చిన జాడలు ముఖం మీద ఉన్నాయని చెల్లెలు గమనిస్తుంది గానీ, ఆ ఏడుపు తనకు వినిపించకపోవడమే ఆమెకు వింతగా తోస్తుంది. ఈ ఘట్టాన్ని నేను ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. సిమెంటుతో మూసిన తొర్ర ఎవరికైనా ప్రతీకగా తడుతుంది. కానీ చప్పుడు కాకుండా ఏడవడం నేర్చుకున్న పిల్లవాడు పక్కన లేకపోతే అది తాపీపని మాత్రమే. కథ చెబుతున్న చెల్లెలికి ఇంకా ఏమీ తెలియదు, చదువుతున్న మనకు తెలుసు. ఆ రెండింటి మధ్యనున్న దూరంలోనే ఆ తొర్రకు అర్థం వచ్చింది.

సత్యజిత్ రాయ్ 1955లో తీసిన ‘పథేర్ పాంచాలి’లోనూ ఇటువంటి వస్తువు ఒకటి ఉంది. పూసల దండ దొంగిలించిందని దుర్గ మీద నింద పడుతుంది, ఆమె కాదంటుంది. ఆమె చనిపోయాక, కుటుంబం ఊరు విడిచి వెళ్లడానికి సామాన్లు సర్దుకుంటున్నప్పుడు ఆ దండ తమ్ముడు అపూ చేతికి దొరుకుతుంది. అతను ఎవరినీ పిలవడు. తీసుకెళ్లి చెరువులోకి విసిరేస్తాడు. నీటి మీది నాచు కాస్త తొలగి, మళ్లీ కమ్ముకుంటుంది. అక్క అబద్ధం చెప్పిందని ఆ క్షణంలో అతనికి తెలిసింది, ఆ అబద్ధాన్ని కాపాడే భారం అప్పుడే అతని మీద పడింది. దండకు ప్రత్యేకమైన శోభ ఏమీ లేదు. అది మొదట ఒక పిల్ల ఆశపడిన వస్తువు, తరువాత ఒక తగవుకు కారణం, ఆఖరికి ఒక రహస్యం. ఈ మూడు పాత్రలనూ కథ దానికి నిజంగానే ఇచ్చింది కనుక నాచు కమ్ముకున్నప్పుడు మన గొంతు పూడుకుపోతుంది.

మన అలంకారశాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో పట్టుకుంది. తొమ్మిదో శతాబ్దంలో ఆనందవర్ధనుడు ధ్వనిని, అంటే మాటల వెనుక సూచనగా తోచే అర్థాన్ని వివరిస్తూ, అందులో ఒక రకాన్ని అనురణనంతో, అంటే గంట కొట్టాక మిగిలే మోత వంటిదానితో పోల్చాడు. గంట మోగకుండా అనురణనం ఉండదు. అలాగే వస్తువు ముందు వస్తువుగా కథలో పనిచేయాలి. పిల్లల చేతుల్లో అరగాలి, పోగొట్టుకోబడాలి, దాని కోసం తగవు జరగాలి. రసాన్ని దాని పేరుతోనే చెప్పేయడం, అంటే స్వశబ్దవాచ్యత్వం, దోషమని కూడా ఆలంకారికులు చెప్పారు. మీ కథ చివరి పుటలో ‘అమాయకత్వం’ అన్న మాట రెండుసార్లు వచ్చింది. ఆ రెండూ కొట్టేయండి.

ఇక మీ కథలోని అసలు సంపద దగ్గరకు వస్తాను. మూడో పుటలో, మీరు అంతగా పట్టించుకోకుండా రాసిన ఒక పేరా ఉంది. తండ్రి సాయంత్రం ఇంటికి రాగానే కూతురు పరుగెత్తుకొచ్చి ఆయన సంచీ తెరుస్తుంది. ఆఫీసులో వాడి అరగదీసిన పెన్సిలు ముక్కలు ఆయన ఆమె కోసం తెస్తుంటాడు, ఆమె వాటిని పొడవు ప్రకారం వరుసగా పేరుస్తుంది. ఇంత మంచి వస్తువును చేతిలో పెట్టుకుని మీరు పావురం కోసం ఎందుకు వెతికారు? గ్రంథాలయం మెట్ల దృశ్యం తరువాత సంచీ మళ్లీ కథలోకి రానేలేదు. ఆ సాయంత్రం కూడా ఆయన ఇంటికి వచ్చి ఉంటాడు కదా, సంచీ భుజాన ఉండి ఉంటుంది కదా. ఆ పిల్ల పరుగెత్తిందా? ఎప్పటికంటే ఒక్క అడుగు ఆలస్యంగానా, లేక ఎప్పటికంటే ఎక్కువ ఉత్సాహంతోనా? ఆఫీసే లేనప్పుడు సంచీలో పెన్సిలు ముక్కలు ఎక్కడివి? ఆయన కొత్త పెన్సిలు కొని, ఏ చెట్టుకిందో కూర్చుని చెక్కి చెక్కి పొట్టిగా చేసి ఉంటాడా? మీ కథను నేను రాయకూడదని నాకు తెలుసు, అయినా ఈ ప్రశ్నలు అడగకుండా ఉండలేకపోతున్నాను. చెక్కిన చోట చెక్క ఇంకా తెల్లగా ఉండడం ఆ పిల్ల గమనించి, ఏమీ అనకుండా ఆ ముక్కను కూడా వరుసలో దాని చోట పెడితే, తండ్రి దాస్తున్నదాన్ని కూతురూ దాచడం మొదలుపెట్టినట్టు. ఆ తరువాత అద్దం పగలనవసరం లేదు.

అద్దం, పావురం, పడవ, తెగిన గాలిపటం, వాడిన పువ్వు వంటివి అంతకుముందు ఎన్నో కథల్లో ఇదే అర్థంతో వచ్చి, కథలోకి అడుగుపెట్టేలోపే తమ అర్థాన్ని చెప్పేస్తాయి. వాటిని వాడకూడదని నిషేధమేమీ లేదు, కానీ మీ పాత్రకు వాటితో సొంత సంబంధం ఉండాలి. మీ పావురం చనిపోయే పుటకు ముందు ఎక్కడా కనబడలేదు. చావడానికే కథలోకి వచ్చిన ప్రాణి మీద పాఠకుడికి దుఃఖం కలగదు.

కథ చెప్పే గొంతు గురించి ఒక మాట. మీ కథను ఎదిగిన కూతురు గుర్తుచేసుకుని చెబుతోంది, అది మంచి ఎంపికే. అయితే ఎదిగిన గొంతుకు ఒక బలహీనత ఉంది: అన్నీ తెలిసిన చోట నిలబడి చిన్నప్పటి తన మీద జాలి పడుతుంది. “ఆ రోజుతో నా బాల్యం ముగిసింది” అన్న వాక్యం అలాగే పుట్టింది. నేనూ ఒకప్పుడు దాదాపు ఇదే వాక్యంతో ఒక కథ ముగించాను. అచ్చయ్యాక చదువుకుంటే, అంతవరకు నాతో నడిచిన పాఠకుణ్ణి గుమ్మం దగ్గరే ఆపి తలుపు మూసినట్టు అనిపించి చాలాకాలం బాధపడ్డాను. పైగా ఆ వాక్యం నిజం కూడా కాదు. ఆంగ్ల కవి విలియమ్ బ్లేక్ 1789లో అమాయకత్వపు గీతాలను ప్రచురించి, 1794లో వాటికి అనుభవపు గీతాలను జోడించి, ఆ రెండింటినీ మానవాత్మకు చెందిన పరస్పర విరుద్ధ స్థితులన్నాడు. ఒకటి ముగిశాక మరొకటి మొదలయ్యే దశలని అనలేదు. మీ పిల్ల ఆ రాత్రి కూడా పెన్సిళ్లు పేర్చుకుంటూ ఆటలో మునిగిపోయి నవ్వవచ్చు. అలా నవ్వితే నాకు ఇంకా ఎక్కువ బాధ కలుగుతుంది.

తిరగరాయడానికి తొందరపడకండి. గ్రంథాలయం మెట్ల దృశ్యాన్ని మాత్రం ఒక్క మాట కూడా మార్చవద్దని నా కోరిక. మిగిలినది ఎప్పుడు పూర్తయితే అప్పుడే పంపండి. ఆ సాయంత్రం సంచీ తెరిచాక ఆమె చేతులు ఏం చేశాయో చదవాలని ఎదురుచూస్తుంటాను.

ఆశీస్సులతో,
మీ శ్రేయోభిలాషి