‘అనంతపురం వాన కర్నూలు కంటె తక్కువ’ – పోలికలో ఏ మాటలు వదలవచ్చు?

సందేహం: నేను ప్రొద్దుటూరులో ఎనిమిదవ తరగతి పిల్లలకు ఇంగ్లీషు చెబుతున్నాను. పోలిక చెప్పే వాక్యాల్లో రెండోసారి రావలసిన మాటను ఇంగ్లీషులో కొన్నిచోట్ల వదిలేయవచ్చు, కొన్నిచోట్ల వదిలితే తప్పు. ఆ పాఠం విన్న ఒక పిల్లవాడు ‘అనంతపురం వాన కర్నూలు కంటె తక్కువ’ అని తెలుగులో రాసి చూపించి, ‘ఇంగ్లీషులో తప్పయితే ఇదీ తప్పే కదా మేడమ్’ అని అడిగాడు. తెలుగులో దీనికి నియమమేమైనా ఉందా?

సమాధానం: మీ విద్యార్థి పట్టుకొన్న చోటు సరైనదే. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాదికి కురిసే సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, కర్నూలులో అంతకంటె ఎక్కువ. కాబట్టి చెప్పిన సంగతి నిజమే. చిక్కంతా కూర్పులో ఉంది. ఆ వాక్యం వానను వానతో కాక ఊరితో పోలుస్తోంది. ఇంగ్లీషు ఇలాంటి చోట రెండో నామాన్ని వదిలినా, దాని గుర్తుగా ‘దట్ ఆఫ్’ అన్న మాటలను నిలుపుకొంటుంది. తెలుగులో ఆ పనిని ‘ది’, ‘వి’ ప్రత్యయాలు చేస్తాయి: ‘మా చేను మీదానికంటె పెద్దది’, ‘మా గొర్రెలు మీవాటికంటె బలిసినాయి’. అయితే ‘కర్నూలుదానికంటె’ అంటే చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది గనుక, ‘కర్నూలులో కంటె అనంతపురంలో వాన తక్కువ’ అని తిప్పి రాయడమే నాకు నచ్చిన పద్ధతి.

మరి ఆ పిల్లవాడి వాక్యం విన్నవారెవరూ ఎందుకు తడబడరు? వాక్యార్థం తెలియడానికి ఆకాంక్ష (ఒక మాట అర్థం తీరడానికి మరో మాటను కోరడం), యోగ్యత (మాటల అర్థాలు ఒకదానితో ఒకటి పొసగడం), సన్నిధి (మాటలు దగ్గరగా ఉండడం) అనే మూడూ కావాలని మన శాస్త్రకారులు చెప్పారు. వాక్యంలో లేని మాటను సందర్భాన్నిబట్టి తెచ్చుకొని కలుపుకోవడాన్ని అధ్యాహారమన్నారు. వానకూ ఊరికీ ఎక్కువ తక్కువలు చూడడం పొసగదు కాబట్టి, యోగ్యత లేదని గ్రహించిన మనసు ‘కర్నూలు వాన’ అని తానే పూరించుకొంటుంది. అందుకే మాటల్లో దొర్లితే నేను దాన్ని తప్పు పట్టను. కానీ యోగ్యత ప్రతిసారీ ఆదుకోదు. ‘మా ఎద్దు మా బావ కంటె బలమైనది’ అని చూడండి. ఎద్దుకూ బలముంటుంది, బావకూ బలముంటుంది, రెండర్థాలూ పొసగుతాయి. పోల్చింది తన ఎద్దుతోనా తనతోనా అని బావ నిలదీస్తే చెప్పిన వ్యక్తి దగ్గర జవాబు లేదు. అక్కడ ‘మా బావ ఎద్దుకంటె’ అనో ‘మా బావదానికంటె’ అనో అని తీరవలసిందే.

ఇంతకంటె పెద్ద చిక్కు తెలుగులో మరొకటి ఉంది, దాని గురించి పాఠాల్లో ఎవరూ చెప్పినట్లు కనబడదు. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) నాటినుంచి బడిలో మనం వల్లె వేసే విభక్తుల పట్టికలో వలన, కంటె, పట్టి అనేవి పంచమి. ఈ ‘కంటె’ వచ్చి చేరగానే నామం కర్తగా ఉండవలసినదో కర్మగా ఉండవలసినదో చెప్పే గుర్తు చెరిగిపోతుంది. ఇంగ్లీషులో పద్ధతిగా రాసేవారు ‘దేన్ ఐ’, ‘దేన్ మీ’ అని వేరుచేస్తారు, లేదా ‘దేన్ ఐ డూ’ అని క్రియను ఉంచుతారు. తెలుగులో నేను అన్నా, నన్ను అన్నా, నాకు అన్నా చివరికి మిగిలేది ‘నాకంటె’ ఒక్కటే. ‘అవ్వ మనవణ్ణి కోడలికంటె ఎక్కువ ప్రేమగా చూస్తుంది’ అంటే, మనవణ్ణి కోడలు చూసేదానికంటె అనా, అవ్వ కోడలిని చూసేదానికంటె అనా? తెలుగువాళ్ళు ఈ చిక్కును ఏకారంతోనూ, మాటల వరసతోనూ విప్పుతారు: ‘కోడలికంటె అవ్వే మనవణ్ణి ఎక్కువ ప్రేమగా చూస్తుంది’ అంటే మొదటి అర్థం, ‘అవ్వ కోడలికంటె మనవణ్ణే ఎక్కువ ప్రేమగా చూస్తుంది’ అంటే రెండవది. లో, తో, మీద మొదలైనవి మాత్రం ‘కంటె’ ముందు చెక్కుచెదరవు: ‘బస్సులో కంటె రైల్లో హాయి’, ‘నాయనతో కంటె అమ్మతో చనువు ఎక్కువ’. కాబట్టి అవి ఉన్నచోట క్రియను నిశ్చింతగా వదిలేయవచ్చు.

కాలాన్ని చెప్పే మాటలతో బెంగే లేదు. ‘ఈ యేడు వేరుశనగ నిరుటికంటె బాగా పండింది’ అన్నప్పుడు ‘నిరుడు పండినదానికంటె’ అని సాగదీయనక్కరలేదు. ‘గుడ్డికంటె మెల్ల మేలు’ అన్న సామెతలో కన్నన్న మాటే లేదు, క్రియా లేదు, అయినా ఏ లోటూ లేదు. దేనికంటె అన్నది పూర్తిగా ఎగరగొట్టి ‘మరింత తెల్లదనం’ అనే సబ్బుల ప్రకటనలది వేరే సంగతి. అక్కడ ఆకాంక్ష తీరదు, తీర్చే ఉద్దేశమూ అమ్మేవారికి లేదు.

ఒక్కచోట మాత్రం ఇంగ్లీషు నియమాన్ని తెలుగు మీద రుద్దవద్దని మీ పిల్లలకు చెప్పండి. ఒకణ్ణి తాను చేరిన గుంపుతో పోల్చేటప్పుడు, వాణ్ణి వాడితోనే పోల్చినట్లు కాకుండా ‘ఎనీ అదర్’ అనాలని ఇంగ్లీషువారు పట్టుబడతారు. తెలుగులో ‘మా తరగతిలో రవి అందరికంటె పొడుగు’ అంటే ఆ అందరిలో రవి లేడని అందరికీ తెలుసు. అక్కడ ‘మిగతా’ చేర్చినా తప్పు కాదు, చేర్చకపోయినా మార్కు తగ్గించకండి.