రాజీనామా కంటే ముందు నాన్న పాలసీ

ప్రశ్న: నాకు 31 ఏళ్లు, పెళ్లి కాలేదు. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగం. నెలకు చేతికి లక్ష దాకా వస్తుంది, బేసిక్ 45,000. ఏడేళ్లుగా ఊపిరాడకుండా పనిచేశాను. సెప్టెంబరు 30న మానేసి ఎనిమిది నెలలు ఈశాన్య రాష్ట్రాలు, రాజస్థాన్, వియత్నాం, ఎండాకాలంలో స్పితి, లద్దాఖ్ తిరిగొచ్చి మళ్లీ ఉద్యోగం చూసుకుందామని ఉంది. ఖర్చు 4.8 లక్షలు తేలింది, ఎక్సెల్ షీట్ జతచేశాను. ఎఫ్‌డీ 3.5 లక్షలు, మ్యూచువల్ ఫండ్లు 1.6 లక్షలు, పీఎఫ్ 5.8 లక్షలు ఉన్నాయి. ఈ కంపెనీలో నాలుగేళ్ల కిందట మార్చి మొదట్లో చేరాను, పాత కంపెనీలో రెండేళ్ల పీఎఫ్ ఇంకా బదిలీ చేయించుకోలేదు. ఎఫ్‌డీ కదపకుండా, పే స్లిప్పులు ఉండగానే 4 లక్షల పర్సనల్ లోన్ తీసేసుకోమని ఫ్రెండ్స్ అంటున్నారు. విజయనగరంలో ఉన్న అమ్మానాన్నలకు నెలకు 20,000 పంపుతాను. నాన్నకు 62, షుగర్ ఉంది, రెండేళ్ల కిందట స్టెంట్ వేశారు. ఖర్చంతా కంపెనీ ఇన్సూరెన్సే భరించింది. నా ప్లాన్ సరైనదేనా?

జవాబు: మీ షీట్ మొత్తం చూశాను. స్లీపింగ్ బ్యాగ్‌కు ఒక వరుస ఉంది. అరుణాచల్, నాగాలాండ్‌లలోకి బయటివాళ్లు వెళ్లడానికి కావాల్సిన ఇన్నర్ లైన్ పర్మిట్ ఫీజులకు ఒక వరుస, వియత్నాం ఈ-వీసాకు ఒకటి, చివరికి లోన్ ప్రాసెసింగ్ ఫీజుకు కూడా ఒకటి ఉంది. ఆరోగ్య బీమాకు మాత్రం ఒక్క వరుస కూడా లేదు. మీ ఒక్కరి సంగతే అయితే వ్యక్తిగతంగా రాసి ఊరుకునేవాణ్ని. ఉద్యోగానికీ ఉద్యోగానికీ మధ్య విరామం తీసుకునే వాళ్లలో చాలామంది చేసే పొరపాటు ఇదే కాబట్టి ఇక్కడ రాస్తున్నాను. జీతం ఆగిపోతుందని అందరికీ తెలుసు, దానికి లెక్క వేసుకుంటారు. జీతంతో పాటే బీమా కూడా ఆగిపోతుందన్నది మాత్రం ఎవరికీ తట్టదు.

మీ కంపెనీ గ్రూప్ పాలసీ సాధారణంగా మీ చివరి పనిదినంతో ముగుస్తుంది. మీకే కాదు, మీ అమ్మానాన్నలకు కూడా. అక్టోబరు 1న మీరు గువాహటి విమానం ఎక్కేసరికి విజయనగరంలో ఒక గుండె జబ్బు మనిషి బీమా లేకుండా ఉంటారు. తిరగడం ఎనిమిది నెలలు, ఉద్యోగం దొరకడానికి ఇంకో మూడు నాలుగు నెలలు వేసుకోండి. ఏడాది పాటు అదే పరిస్థితి. ఆ ఏడాదిలో నాన్నగారికి మళ్లీ ఛాతీలో నొప్పి వస్తే, మీ 4.8 లక్షల లెక్క విశాఖలో ఏదో ఒక కార్పొరేట్ ఆసుపత్రి అడ్మిషన్ కౌంటర్ దగ్గరే తెల్లారిపోతుంది.

'అప్పటికి కొత్త పాలసీ ఒకటి తీసుకుంటాను' అంటారేమో. గ్రూప్ పాలసీలో ఉన్న జబ్బులకు సాధారణంగా మొదటి రోజు నుంచే కవర్ ఉంటుంది కనుక అందరూ అదే మామూలనుకుంటారు. బయట సొంతంగా కొనే పాలసీలో ముందే ఉన్న జబ్బులకు మూడేళ్ల దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. 2024 నుంచి గరిష్ఠ పరిమితి 36 నెలలు, అంతకు ముందు 48 ఉండేది. అంటే ఈ అక్టోబరులో కొత్తగా కొన్న పాలసీలో నాన్నగారి గుండెకు, షుగర్‌కు మీ ట్రిప్ అంతా అయిపోయినా ఒక్క రూపాయి రాకపోవచ్చు. పైగా స్టెంట్ వేసిన మనిషికి కొత్త పాలసీ ఇవ్వడానికే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు.

దీనికొక దారి ఉంది. గ్రూప్ పాలసీ నుంచి బయటికొచ్చే సభ్యులు అదే బీమా కంపెనీ దగ్గర వ్యక్తిగత పాలసీలోకి మారవచ్చు. దీన్ని మైగ్రేషన్ అంటారు. అలా మారితే గ్రూప్‌లో గడిపిన కాలం ఆ ఎదురుచూపు కాలంలో (వెయిటింగ్ పీరియడ్) లెక్కకొస్తుంది. మీరు ఈ కంపెనీలో చేరినప్పటి నుంచీ నాన్నగారి పేరు పాలసీలో ఉండి ఉంటే, ఆ మూడేళ్ల గండం ఈపాటికే చాలావరకో పూర్తిగానో దాటేసి ఉంటుంది. కొత్త పాలసీ కొంటే ఆ కాలమంతా గంగలో కలిసినట్టే.

అయితే మైగ్రేషన్ అడగ్గానే ఇచ్చేది కాదు. ప్రపోజల్ ఫారం నింపాలి, స్టెంట్ నాటి డిశ్చార్జ్ సమ్మరీ, యాంజియో రిపోర్టు జతచేయాలి. కంపెనీ పరీక్షలు చేయించమనవచ్చు, ప్రీమియం పెంచవచ్చు, కో-పే (బిల్లులో కొంత శాతం మీరే కట్టాలన్న షరతు) పెట్టవచ్చు, కాదని కూడా అనవచ్చు. అందుకే ఈ పని రాజీనామా పెట్టకముందే మొదలుపెట్టాలి. రిలీవింగ్ లెటర్ చేతికొచ్చాక హెచ్ఆర్‌కు ఫోన్ చేస్తే వాళ్లు 'సారీ' తప్ప ఇవ్వగలిగింది ఏమీ ఉండదు. మీ నోటీసు మూడు నెలలైతే ఆ మూడు నెలలూ ఈ పనికి సరిపోతాయనుకోకండి. జవాబు 'కాదు' అని వస్తే మీరు ఉద్యోగంలో ఉండగానే రావాలి, ప్లాన్ మార్చుకునే వీలుండాలి.

ఏజెంటు ఎవరైనా 'స్టెంట్ సంగతి రాయకండి మేడమ్, అప్రూవల్ తొందరగా వస్తుంది' అంటే అక్కడితో ఆ ఏజెంటుకు నమస్కారం పెట్టండి. దాచిన జబ్బు మొదటి క్లెయిమ్‌లోనే బయటపడుతుంది. పాత క్లెయిమ్ రికార్డు అదే బీమా కంపెనీ దగ్గర ఉంటే ఇంకేం దాస్తారు?

ఇద్దరికీ కలిపి 5 లక్షల పాలసీకి ఏడాది ప్రీమియం 50,000 అనుకుని షీట్‌లో వరుస చేర్చండి. ఇది నేను వేసిన అంచనా మాత్రమే, ఎక్కువా కావచ్చు. వ్యక్తిగత ఆరోగ్య పాలసీలపై 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ లేదు, అదొక్కటే ఊరట. డెబ్బై దాటిన వాళ్లకు ఉన్న ఆయుష్మాన్ కార్డు నాన్నగారికి ఇంకా ఎనిమిదేళ్ల దూరం.

మీకూ విడిగా ఒక పాలసీ కావాలి. వయసు 31, జబ్బులేమీ లేవు కాబట్టి తేలిగ్గా దొరుకుతుంది. ప్రమాదాలు తప్ప మిగతావాటికి మొదటి 30 రోజులు కవర్ ఉండదు, అందుకని బయల్దేరడానికి నెలన్నర ముందే తీసుకోండి. దాంతో పాటు పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కూడా. ప్రీమియం పెద్దగా ఉండదు. మేఘాలయలో అద్దె స్కూటీ మీద, వియత్నాంలో హా జియాంగ్ కొండదారుల్లో బైకు మీద తిరగాలని రాశారు. కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉంటే జీతం ఇచ్చే కంపెనీ అప్పుడు మీకు ఉండదు, వారానికింత అని ఇచ్చే కవర్ అప్పుడు పనికొస్తుంది. వియత్నాంకు ట్రావెల్ ఇన్సూరెన్స్ వేరే తీసుకోవాలి. అక్కడ చెల్లే లైసెన్సు లేకుండా బైకు నడిపి పడితే క్లెయిమ్ రాదు, ఆ నిబంధన కొనేముందే చదవండి.

ఇక మీ ఫ్రెండ్స్ సలహా. రేపో మాపో జీతం ఉండదని తెలిసీ, ఉన్నట్టు చూపించి నాలుగు లక్షలు అప్పు తెమ్మనడం తెలివి అని వాళ్లెలా అనుకున్నారో నాకు అర్థం కాలేదు. చాలా లోన్ ఒప్పందాల్లో ఉద్యోగం మానేస్తే బ్యాంకుకు తెలపాలన్న షరతు ఉంటుంది. అది పక్కన పెట్టి లెక్కే చూద్దాం. 14 శాతానికి మూడేళ్ల లోన్ అయితే ఈఎంఐ 13,670 దాకా వస్తుంది, మొత్తం మీద కట్టేది 4.92 లక్షలు. జీతం లేని ఏడాదిలో ఆ ఈఎంఐ ఎక్కడి నుంచి వస్తుంది? మీరు 'కదపను' అన్న ఎఫ్‌డీ నుంచే. పన్నెండు నెలలకు 1.64 లక్షలు పోతే మిగిలేది 1.86 లక్షలు. తిరిగొచ్చాక అద్దె, అడ్వాన్సు, తిండి, ఇంటికి పంపే 20,000 కలిపి నెలకు 65,000 వేసుకున్నా, ఉద్యోగం వెతికే నాలుగు నెలలకు 2.6 లక్షలు కావాలి. చాలదు. ఏడు శాతం కూడా రాని ఎఫ్‌డీని కాపాడటానికి పద్నాలుగు శాతం అప్పు తెచ్చి, ఆ అప్పు తీర్చడానికి అదే ఎఫ్‌డీ విరగ్గొట్టడం. దీన్ని సేఫ్టీ అంటున్నారు!

దీనికంటే ఘోరం, ఆ అప్పు మిమ్మల్ని తొందరపెడుతుంది. తిరిగొచ్చిన మొదటి నెలలో ఏ ఆఫర్ వస్తే దానికి తలూపుతారు. విరామం తీసుకున్నందుకు లాభం ఏముంది అప్పుడు? విమానం టికెట్లకు కార్డు ఈఎంఐలు, 'ఇప్పుడు వెళ్లండి, తర్వాత కట్టండి' యాప్‌లు, అమ్మగారి నగల మీద గోల్డ్ లోన్, వీటన్నిటికీ నా జవాబు ఒకటే: వద్దు. నగల గురించి మీరు అడగలేదు, కానీ లోన్ దొరక్కపోతే మీ ఫ్రెండ్స్ తర్వాత చెప్పబోయేది అదే.

పీఎఫ్ ముట్టుకోకండి. ఉద్యోగం మానేసినా దానిమీద వడ్డీ పడుతూనే ఉంటుంది, 2024-25కు 8.25 శాతం ఇచ్చారు. ముందు పాత కంపెనీ రెండేళ్ల ఖాతాను ఇందులోకి బదిలీ చేయించుకోండి. ఐదేళ్ల నిరంతర సర్వీసు లేకుండా తీస్తే పన్ను పడుతుంది. ఇప్పటి ఖాతా ఒక్కటే చూస్తే మీకు ఐదేళ్లు లేవు, పాతది కలిస్తే ఉంటాయి. తీయకపోయినా ఈ బదిలీ మాత్రం ఈ నెలలోనే పూర్తిచేయండి.

మీరు గమనించని డబ్బు ఇంకొకటి ఉంది. మార్చి మొదట్లో చేరానన్నారు. సెప్టెంబరు 30కి ఈ కంపెనీలో 4 ఏళ్ల 7 నెలలు అవుతుంది. గ్రాట్యుటీకి, అంటే ఏళ్ల తరబడి పనిచేసినందుకు మానేటప్పుడు కంపెనీ ఇచ్చే మొత్తానికి, ఐదేళ్లు కావాలి. ఐదో ఏట 240 రోజులు పూర్తయితే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఒకటుంది. దాన్ని పాటించే కంపెనీలున్నాయి, ఐదు నిండితే గానీ ఇవ్వనివీ ఉన్నాయి. మీది ఏ రకమో హెచ్ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. మొదటి రకమైతే నవంబరు 30 దాకా ఉండండి. 45,000 బేసిక్ మీద 15/26 లెక్కన (నెలకు 26 పనిదినాలుగా చూసి, ఏడాదికి 15 రోజుల జీతం) ఐదేళ్లకు దాదాపు 1.3 లక్షలు, రెండు నెలలు ఆగినందుకు. మీరు చూడాలనుకుంటున్న హార్న్‌బిల్ ఉత్సవం నాగాలాండ్‌లో కోహిమా దగ్గర కిసామాలో డిసెంబరు 1న మొదలై 10 దాకా సాగుతుంది, అదీ తప్పిపోదు. రెండో రకమైతే మార్చి దాకా ఆగడం నా సలహా. హార్న్‌బిల్‌కు వారం సెలవు పెట్టి వెళ్లిరండి.

అసలు రాజీనామా లేకుండా జీతం లేని సెలవు ఇస్తారేమో కూడా అడగండి. కొన్ని పెద్ద కంపెనీల్లో సబాటికల్ పాలసీ ఉంటుంది, ఆ కాలంలో గ్రూప్ బీమా కొనసాగితే మీ సమస్యలో సగం అక్కడే తీరుతుంది. కొనసాగుతుందన్న మాట ఈమెయిల్‌లో ఉండాలి, మేనేజర్ నోటిమాట సరిపోదు.

డబ్బు సర్దుబాటు ఇలా చూస్తాను. జులై నుంచి నవంబరు దాకా నెలకు 35,000 పక్కన పెట్టగలిగితే 1.75 లక్షలు. మ్యూచువల్ ఫండ్లు 1.6 లక్షలు. ఇందులో బీమాకు 50,000 తీసేస్తే 2.85 లక్షలు. తిరుగుడుకు 60,000, ఇంటికి 20,000 కలిపి నెలకు 80,000 లెక్కన మూడున్నర నెలలు వస్తుంది. గ్రాట్యుటీ చేతికొస్తే ఐదు నెలలు. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ డబ్బును (మానేశాక కంపెనీ లెక్క తేల్చి ఇచ్చే బాకీ) ఖాతాలో పడేదాకా లెక్కలోకి తీసుకోకండి. ఎఫ్‌డీ 3.5 లక్షలు తిరిగొచ్చాక ఉద్యోగం దొరికేదాకా బతకడానికి, అంతకు మించి దానికి పనిలేదు. సంవత్సరం మధ్యలో మానేస్తే, ఏడాది జీతం 12.75 లక్షల లోపే ఉంటే, కొత్త పన్ను విధానంలో జీతం నుంచి ముందే కోసిన పన్ను (టీడీఎస్) రిటర్న్ వేశాక వెనక్కి వస్తుంది. అది వచ్చే ఏడాది మాట.

ఎనిమిది నెలలు ఐదైతే ఏదో ఒకటి వదులుకోవాలి. డిసెంబరులో బయల్దేరితే ఏప్రిల్‌కి ముగుస్తుంది కాబట్టి లద్దాఖ్, స్పితి ఎలాగూ కుదరవు. అవి కొత్త ఉద్యోగంలో చేరాక పది రోజుల సెలవుతో చూడగలిగిన చోట్లే. ఈశాన్యాన్ని మాత్రం తగ్గించుకోకండి, అక్కడి దూరాలకు వారం రోజుల సెలవు ఏ మూలకూ చాలదు.

ఈ వారం చేయాల్సినవి రెండే. ఒకటి, హెచ్ఆర్‌కు మెయిల్: గ్రూప్ పాలసీ బీమా కంపెనీ ఏది, పాలసీ నంబరు ఎంత, అమ్మానాన్నల పేర్లు ఏ తేదీ నుంచి ఉన్నాయి, మైగ్రేషన్‌కు ఎవరిని కలవాలి. ఇందులో రాజీనామా మాట ఎత్తకండి, అమ్మానాన్నలకు సొంత పాలసీ ఏర్పాటు చేసుకుంటున్నానంటే చాలు. రెండు, నాన్నగారి ఆసుపత్రి కాగితాలన్నీ స్కాన్ చేసి పెట్టుకోండి. విజయనగరంలో బీరువాలో ఉన్నాయంటే ఈ శనివారం వెళ్లి తెచ్చుకోండి. బీమా కంపెనీ జవాబు వచ్చాక ఆ ప్రీమియం అంకె వేసి షీట్ మళ్లీ పంపండి, తేదీలు అప్పుడు చూద్దాం.