నిరంకుశ దేశంలో కొన్నాళ్లు తిరిగొచ్చిన జర్నలిస్టు రాసింది నమ్మొచ్చా?

వారం పది రోజులు తిరిగొచ్చి రాసినవాడికంటే అక్కడే ఏళ్ల తరబడి ఉన్న విలేకరి మాటే నమ్మాలి కదా అని ఒకరు నన్ను అడిగారు. నేను ఒప్పుకోను. ఆ తిరిగినన్ని రోజులూ వెంట ఎవరున్నారు, అక్కడి భాష వచ్చా, రాసినదాన్ని పంపే ముందు ఎవరైనా దిద్దారా అన్నది ముందు చూడాలి.

నల్లగొండ జిల్లాలో చాలాకాలం విలేకరిగా పనిచేశాను. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడ్ ఊళ్లకు తరచూ వెళ్లేవాణ్ని. పెద్ద నాయకుల పర్యటన ఉంటే మమ్మల్నందరినీ ఒకే వ్యాన్‌లో ఎక్కించేవారు. ఆ ఊళ్లో నల్లా తిప్పితే నీళ్లొచ్చేవి, ఎవరిని అడిగినా "మంచిగనే ఉన్నది సార్" అనేవారు. ఒకసారి మర్నాడే పల్లెవెలుగు బస్సెక్కి అదే ఊరికి ఒక్కణ్నే వెళ్లాను. కాళ్లు వంకర్లు పోయిన ఒక పెద్దాయన అరుగు మీద కూర్చోబెట్టుకుని, "నిన్న మీ ఎంబడి వాళ్లున్నరు గద బిడ్డా, ఎట్ల చెప్తం?" అన్నాడు. నల్లా నీళ్లు ఆ ఒక్కరోజుకే వదిలారట.

ఇక్కడ నిజం చెప్పినవాళ్లకు మహా అయితే రేషన్ కార్డు గురించో పింఛన్ గురించో టెన్షన్. నియంత ఏలే దేశంలో ప్రాణానికే ముప్పు. రెండూ ఒకటే అనడం లేదు. కానీ భయమున్న చోట జనం ఎవరి ముందు నోరు విప్పుతారో నాకు తెలిసింది ఆ అరుగు మీదే.

అందుకే గారెత్ జోన్స్ అంటే నాకంత గౌరవం. వేల్స్‌కు చెందిన ఈ యువ జర్నలిస్టు 1933 మార్చిలో సోవియట్ యూనియన్ వెళ్లాడు. అప్పుడు ఉక్రెయిన్‌లో లక్షల మంది ఆకలితో చనిపోతున్నారు. కరువే లేదని స్టాలిన్ ప్రభుత్వం బుకాయిస్తోంది, ధాన్యం ఎగుమతి చేస్తూనే ఉంది. విదేశీ విలేకరులు అనుమతి లేకుండా అటు పోకూడదు. జోన్స్ మాస్కోలో ఉక్రెయిన్ నగరం ఖార్కివ్‌కు వెళ్లే రైలెక్కి దారిలోనే దిగిపోయాడు. వీపున రొట్టెల సంచితో మంచులో ఊరూరూ నడిచాడు, రైతుల గుడిసెల్లోనే పడుకున్నాడు. రష్యన్ బాగా వచ్చు కాబట్టి మధ్యలో దుబాసీ అక్కర్లేదు. ఎక్కడికి పోయినా "రొట్టె లేదు, చచ్చిపోతున్నాం" అన్న మాటే. రైల్లో ఒక కమ్యూనిస్టు కరువు లేదని వాదిస్తుంటే, జోన్స్ తాను తింటున్న రొట్టె ముక్కను ఉమ్మితొట్టిలో పడేశాడు. పక్కనున్న రైతు దాన్ని తీసుకుని ఆబగా తినేశాడు.

మార్చి 29న బెర్లిన్‌లో జోన్స్ ఇదంతా బయటపెట్టాడు. రెండు రోజులకే న్యూయార్క్ టైమ్స్ మాస్కో విలేకరి వాల్టర్ డ్యురాంటీ దాన్ని కొట్టిపారేశాడు. జోన్స్ ఖార్కివ్ దగ్గర నలభై మైళ్లు నడిచి తొందరపడి తేల్చేశాడన్నాడు. నన్ను అడిగినవాళ్లు వేసిన ప్రశ్నా దాదాపు అదే. డ్యురాంటీ మాస్కోలో పదేళ్లకు పైగా ఉన్నవాడు, అంతకుముందు ఏడాదే అమెరికా పత్రికా రంగంలో పెద్ద బహుమతి పులిట్జర్ అందుకున్నవాడు. అయితే అక్కడున్న విలేకరుల టెలిగ్రాములు సెన్సార్ దాటాలి, వీసా నిలబడాలి. పైగా అప్పుడే గూఢచర్యం నేరం మోపి మాస్కోలో బ్రిటిష్ ఇంజినీర్ల మీద కేసు నడుపుతున్నారు, ఆ విచారణ వార్త ఎవరూ వదులుకోలేరు. జోన్స్‌కు ఆ బంధాలు లేవు. మే నెలలో అదే పత్రికకు లేఖ రాసి, తన మాటకే కట్టుబడి ఉన్నానన్నాడు. రైతులతో పాటు వివిధ దేశాల దౌత్యాధికారులతోనూ మాట్లాడానని చెప్పాడు. ఆ తర్వాత అతణ్ని సోవియట్ దేశంలోకి రానివ్వలేదు.

ఇప్పుడు అలాంటి దేశం గురించి ఏ వ్యాసం చదివినా, రాసినవాడు గైడును వదిలి తిరిగిన గంటలు ఎక్కడున్నాయా అని వెతుకుతాను. మాట్లాడిన మామూలు మనుషుల పేర్లు, ఊళ్లు దాచాడా లేదా అని కూడా చూస్తాను. ఫొటోతో సహా అన్నీ వేసేశాడంటే, ఆ వ్యాసం ఎంత బాగున్నా నాకు కోపమే వస్తుంది. ఆయన విమానమెక్కి వచ్చేశాడు, వాళ్లు అక్కడే ఉన్నారు.