తిరిగొచ్చిన ఉత్తరం సంగతి అమ్మకు చెప్పాలా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం జిల్లా. తమ్ముడు 1999లో కార్గిల్ యుద్ధంలో చనిపోయాడు. ఆ మే నెలలోనే నాన్నకు పక్షవాతం వచ్చింది. ‘వాడికి రాయొద్దు, బెంగ పెట్టుకుంటాడు’ అంది అమ్మ. అంతా క్షేమమనే రాస్తూ వచ్చాను. చివరికి ఉండబట్టలేక, అమ్మకు తెలియకుండా నిజం రాశాను. ఆ ఇన్‌లాండ్ లెటర్ విప్పకుండానే వాడి ట్రంకు పెట్టెతో పాటు తిరిగొచ్చింది. ముందే రాసుంటే సెలవు పెట్టి వచ్చేవాడేమో! ఇప్పుడు అమ్మకు 76 ఏళ్లు. వాడి ఉత్తరాలన్నీ చదివి వినిపించమంటోంది. నా ఉత్తరం సంగతి చెప్పాలా?

జవాబు: ముందు సెలవు మాట. ఆ వేసవిలో సెలవుపై ఇళ్లకొచ్చిన జవాన్లనే వెనక్కి పిలిపించారు. మీరు మే నెలలోనే రాసినా, అతను బయల్దేరగలిగేవాడని ఎవరూ చెప్పలేరు. పైగా ‘56 ఏపీఓ’ అని సైనిక తపాలా చిరునామా రాసి డబ్బాలో వేయడం వరకే మీ పని. అక్కణ్నుంచి ఢిల్లీ, తర్వాత యూనిట్, ఆపైన కొండలు. 16 వేల అడుగుల ఎత్తుకు తూటాలు, తిండి మోసుకెళ్లడమే గగనమైన రోజులవి.

తమ్ముడి ఉత్తరాల్లో మాత్రం ఏముంటుంది? ‘ఇక్కడ బాగానే ఉంది, టెన్షన్ పడకండి’ అనేగా. ఎక్కడున్నాడో రాయకూడదు, ఎలా ఉన్నాడో రాయబుద్ధి కాదు. మీరు నాన్న జబ్బు దాచారు, అతను గుళ్ల మోత దాచాడు. దీన్ని మోసం అనడానికి నాకు నోరు రాదు.

నా ఆలోచనంతా అమ్మ గురించే. వద్దన్నది ఆవిడ కదా. కొడుక్కి తండ్రి సంగతి తెలియకుండానే పోయిందన్న దిగులు ఆవిడకూ ఉండి ఉండొచ్చు, మీకు చెప్పకపోయినా. అందుకే మీ ఉత్తరం ముందే బయటికి తీయకండి. రోజుకొకటి చొప్పున తమ్ముడివి చదవండి. మధ్యలో ఆవిడ ఏమన్నా వినండి, సర్దిచెప్పకండి. నాన్న మాట ఆవిడే ఎత్తితే అప్పుడు చెప్పండి. ఎత్తకపోతే, అన్నీ అయ్యాక ‘ఇంకొకటి ఉందమ్మా, నేను రాసింది’ అనండి. విప్పాలా, అలాగే ఉంచాలా అన్నది ఆవిడ ఇష్టం. జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజున, దండలతో నలుగురూ వచ్చిపోయే వేళ మాత్రం ఈ కబురు వద్దు.

ఇంకోమాట. పాత ఇన్‌లాండ్ కాగితాలు మడతల దగ్గర చిరిగిపోతుంటాయి. లామినేషన్ చేయించకండి. జిరాక్స్ తీయించి, అవి చూసి చదవండి. అసలువి అమ్మ చేతిలో పెట్టండి.