ఐదు, ఆరు హ్యారీ పాటర్ సినిమాలు పుస్తకాలు చదవనివాళ్ళకి అర్థమవుతాయా?

మీ అమ్మాయి పుస్తకాలు చదవకుండానే మొదటి నాలుగు హ్యారీ పాటర్ సినిమాలు చూసేసిందని, ఐదు, ఆరు దగ్గర కథ అతుకులబొంతలా ఉంటుందని అందరూ అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. చాలావరకు నిజమే. కానీ ఐదో సినిమాని నేను సమర్థిస్తాను, ఆరోదాన్ని సమర్థించలేను.

నేను పుస్తకాలన్నీ చదివాను, మా తమ్ముడు ఒక్కటీ చదవలేదు. సినిమాలు మాత్రం ఇద్దరం కలిసే చూశాం. ఏడో పుస్తకం మొదటి భాగం సినిమాలో హ్యారీ ఒక పగిలిన అద్దం ముక్క తీసి చూస్తుంటే, "అదెక్కడిది? ముందు సినిమాలో ఉందా?" అని అడిగాడు. లేదు. ఐదో పుస్తకంలో హ్యారీ గాడ్‌ఫాదర్ సిరియస్ ఆ అద్దాన్ని పొట్లం కట్టి హ్యారీకి ఇస్తాడు. హ్యారీ దాన్ని విప్పకుండా పెట్టెలో పడేస్తాడు. సిరియస్ చనిపోయాక విప్పి చూస్తే, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఆయనతో మాట్లాడగలిగే సాధనం అన్నాళ్ళూ తన దగ్గరే ఉందని తెలుస్తుంది. ఆ ఘట్టం చదివి నేను చాలాసేపు పుస్తకం మూసేశాను. సినిమాలో అది మొత్తం ఎగిరిపోయింది.

అయినా సమర్థిస్తానని ఎందుకన్నానంటే, సిరీస్‌లో అన్నిటికంటే లావుపాటి పుస్తకం అదే. బ్రిటన్ ముద్రణలో 766 పేజీలు. సినిమా 138 నిమిషాలు, అప్పటిదాకా వచ్చిన వాటన్నిటిలో చిన్నది. పైగా అది అమెరికాలో 2007 జులై 11న విడుదలైతే, చివరి పుస్తకం జులై 21న వచ్చింది. అంటే స్క్రీన్‌ప్లే రాసిన మైకేల్ గోల్డెన్‌బర్గ్, దర్శకుడు డేవిడ్ యేట్స్ ముగింపు పుస్తకం చేతిలో లేకుండానే ఏది ఉంచాలో, ఏది తీసేయాలో తేల్చుకోవాల్సి వచ్చింది. సిరియస్ ఇంట్లో పనిచేసే క్రీచర్ పాత్రని తీసేద్దామనుకుంటే, తర్వాత ఇబ్బంది పడతారని రచయిత్రి రౌలింగే ఆపారు. సిరీస్ మధ్యలో తీసే సినిమాకి అసలు చిక్కు ఇదే: ఇక్కడ కోసిందంతా తర్వాతి సినిమా నెత్తిన అప్పై కూర్చుంటుంది.

ఐదో సినిమాలో కోత ఎంత బాగా పనిచేసిందో కూడా చెప్పాలి. ప్రభుత్వం స్కూలుకి పంపిన టీచర్ అంబ్రిడ్జ్ పెత్తనం పుస్తకంలో కొన్ని వందల పేజీలు సాగుతుంది. సినిమాలో ఒక గోడ చాలు. స్కూలు కాపలాదారు ఫిల్చ్ నిచ్చెనెక్కి ఆమె ఒక్కో ఉత్తర్వుకి ఫ్రేము కట్టి మేకు కొడుతుంటాడు, చూస్తుండగానే గోడ నిండిపోతుంది. చివరికి హ్యారీ స్నేహితుడు రాన్ అన్నలు వీస్లీ కవలల బాణసంచా దెబ్బకి ఆ ఫ్రేములన్నీ కిందపడతాయి. ఒక్క డైలాగూ లేకుండానే మా తమ్ముడికి అంతా అర్థమైంది. పేజీలని దృశ్యంగా మార్చడమంటే అది.

ఆరో సినిమాకి ఆ మినహాయింపు లేదు. దాని షూటింగ్ మొదలయ్యేసరికే చివరి పుస్తకం అందరి చేతుల్లో ఉంది. విలన్ వోల్డెమార్ట్ గతాన్ని హెడ్‌మాస్టర్ డంబుల్‌డోర్ హ్యారీకి ఒక్కో జ్ఞాపకంగా చూపించడమే ఆ పుస్తకానికి ప్రాణం. వోల్డెమార్ట్ తన ఆత్మ ముక్కల్ని దాచిన హార్‌క్రక్స్‌లు ఏ వస్తువులై ఉంటాయో అక్కడే తెలుస్తుంది. సినిమాలో వోల్డెమార్ట్ పెరిగిన అనాథాశ్రమం, టీచర్ స్లగ్‌హార్న్ జ్ఞాపకం మాత్రమే మిగిలాయి. వోల్డెమార్ట్ తల్లి పుట్టిన గాంట్ కుటుంబం లేదు, హార్‌క్రక్స్‌లలో ఒకటైన హఫుల్‌పఫ్ కప్పు సంగతి లేదు. పోనీ టైం లేదా అంటే, పుస్తకంలో లేని వీస్లీల ఇల్లు తగలబడే సీను మాత్రం పెట్టారు. దాంతో చివరి సినిమాలో హ్యారీ వెతికి, ఆలోచించి కనిపెట్టాల్సిన చోట, హార్‌క్రక్స్ దగ్గరికి వెళ్తే ఏవో శబ్దాలు వినిపించినట్టు చూపించాల్సి వచ్చింది. నాకు ఇప్పటికీ అది కష్టంగానే ఉంటుంది.

మీ అమ్మాయికి పుస్తకాలన్నీ చదివే ఓపిక లేకపోయినా, ఆరో సినిమా చూశాక, ఏడోది పెట్టేలోపు ఆరో పుస్తకంలో 10, 13, 17, 20, 23 అధ్యాయాలు చదివించండి. జ్ఞాపకాలన్నీ దాదాపు వాటిలోనే ఉన్నాయి. వీలైతే ఐదో పుస్తకంలో 28వ అధ్యాయం కూడా. అందులో టీచర్ స్నేప్ జ్ఞాపకంలో హ్యారీ తల్లి లిలీ ఉంటుంది, సినిమాలో ఆమెని తీసేశారు. స్నేప్ కథ చివర్లో ఎందుకలా మలుపు తిరిగిందో తనకి అప్పుడు ఇంకా బాగా అందుతుంది.